క్వారంటైన్ కేంద్రాలు మళ్లీ పెట్టాల్సి వస్తే ఏం మార్చాలి? లోపల ఉన్నవాళ్లు, నడిపినవాళ్లు చెప్పండి

సిక్కోలు_తీరం

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క మండలంలో గ్రామ సచివాలయ ఉద్యోగిని. అంటువ్యాధి ఏదైనా వస్తే క్వారంటైన్‌కి పనికొచ్చే భవనాల జాబితా ఇమ్మని మమ్మల్ని అడిగారు. గదులు ఎన్ని, మరుగుదొడ్లు ఎన్ని, బోరు ఉందా, కరెంటు ఉందా. ఫారంలో ఇంతే ఉంది, పది నిమిషాల్లో నింపేయొచ్చు. కానీ నాలుగు రోజులుగా అది నా టేబుల్ మీదే ఉంది.

2020 మేలో నేను అలాంటి ఒక కేంద్రంలో 23 రోజులు డ్యూటీ చేశాను. అప్పుడు గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకుపోయిన మన మత్స్యకారుల్ని బస్సుల్లో తీసుకొచ్చారు, గుర్తుందా? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వాళ్లు వేలల్లో ఉన్నారు. లాక్‌డౌన్ పెట్టాక రేవులోనే బోట్ల మీద నెల రోజులకు పైగా ఉన్నారు. వాళ్లలో 38 మందితో మొదటి బస్సు మా గురుకులానికి వచ్చింది. ఆరో రోజున ఇంకో బస్సు, 41 మంది. పై అంతస్తు గదులు తెరవలేదు, ఫ్యాన్లు లేవని. అందుకని రెండో బస్సు వాళ్లని కూడా కింది వరండాలోనే, అవే బాత్రూమ్‌లకి సర్దాను. సర్దింది నేనే.

రెండో బస్సులో ఒకరికి పాజిటివ్ వచ్చింది. దాంతో మొదటి బస్సు వాళ్లకి కూడా 14 రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్క అన్నారు. అప్పటికి వాళ్లు ఇంకో ఐదు రోజుల్లో ఇంటికి వెళ్లాల్సినవాళ్లు. ఆ రాత్రి నలుగురు గోడ దూకారు. అందులో ఒకాయన భార్యకి నెలలు నిండాయి. తెల్లారేసరికి పోలీసులు ఇళ్ల దగ్గర పట్టుకుని తెచ్చారు, ఆ వీధి మొత్తానికి కంప అడ్డం పెట్టారు. నలుగురికీ జబ్బు లేదని రిపోర్టు తర్వాత వచ్చింది.

వాళ్లు దొంగల్లా వ్యాన్ దిగడం చూశాను. ఆ తప్పు వాళ్లది కాదు. అందుకే అడుగుతున్నాను. ఆ ఫారంలో ఇంకేం ఉండాలి? జాబితాతో పాటు ఒక కాగితం రాసి ఇవ్వాలనుకుంటున్నాను.

నర్సమ్మ_పల్నాడు

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. నేను ఏఎన్ఎంని, 19 ఏళ్ల సర్వీసు. మా దగ్గర కూడా అచ్చం ఇలాగే జరిగింది, బస్సుకి బదులు ట్రాక్టర్.

మొట్టమొదట రాయాల్సింది నీకే తెలుసు: ఏ రోజు వచ్చినవాళ్లు ఆ రోజువాళ్లతోనే ఉండాలి. వేరే గది ఒక్కటే సరిపోదు, వేరే బాత్రూమ్, వేరే కుళాయి, అన్నం పెట్టే వేళ కూడా వేరే. భవనంలో వంద మంది పడతారు అని రాస్తారు చూడు, అది తప్పుడు లెక్క. ఎన్ని బాత్రూమ్ వరసలు ఉన్నాయో అన్ని జట్లే పడతాయి. రెండు వరసలుంటే రెండు జట్లు. మూడో బస్సు వస్తే ఇంకో ఊరికి పంపాల్సిందే.

రెండోది భోజనం. మా దగ్గర టిఫిన్ పొట్లాలు పదిన్నరకి వచ్చేవి. పొలం పనికి వెళ్లేవాళ్లు తెల్లారి చద్దన్నం తినే అలవాటు ఉన్నవాళ్లు. పదిన్నర దాకా ఖాళీ కడుపుతో కూర్చుంటే ఎవరికైనా కోపం వస్తుంది. నాలుగో రోజు నుంచి లోపలే ఇద్దరు ఆడవాళ్లు వండుతామన్నారు, పొయ్యి పెట్టించాం. ఆ తర్వాత గొడవ రాలేదు.

మియాపూర్_రవి

ఇది చాలామందికి నచ్చదని తెలిసే రాస్తున్నాను. నా అభిప్రాయంలో ఈ కేంద్రాలు అసలు వద్దు. ఇంట్లోనే ఉంచండి, డబ్బు, సరుకులు ఇంటికి పంపండి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లని ఒకే కప్పు కింద పెడితే, లేని జబ్బు అంటించినట్టే. డైమండ్ ప్రిన్సెస్ ఓడ గుర్తుందా? 2020 ఫిబ్రవరిలో కోవిడ్ వచ్చిందని జపాన్‌లోని యొకహామాలో ఆపేశారు. అందులో 3,711 మంది ఉంటే 712 మందికి సోకింది.

నాకు ఇది లెక్కల సంగతి మాత్రమే కాదు. 2020 జులైలో మా పక్కింటాయన్ని తీసుకెళ్లడానికి అంబులెన్స్ వచ్చింది. అపార్ట్‌మెంట్ మొత్తం బాల్కనీల్లోకి వచ్చి ఫోన్లలో వీడియో తీశారు. మా నాన్నగారు అది చూశారు. వారం తర్వాత ఆయనకి జ్వరం వస్తే మాకు చెప్పలేదు. గది తలుపు వేసుకుని, కాస్త నీరసంగా ఉంది అనేవారు. ఆయాసం వచ్చాకే మాకు తెలిసింది. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నారు, ఇంటికి రాలేదు.

నాన్నగారు జబ్బుకి భయపడలేదు. ఆ వీడియోకి భయపడ్డారు.

నర్సమ్మ_పల్నాడు

రవి గారూ, చాలా బాధగా ఉంది. ఇంటింటికీ తిరిగిన మనిషిని కాబట్టి చెప్తున్నాను, మీ నాన్నగారిలా దాచినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. మేము నీలం గౌను వేసుకుని వీధిలోకి వస్తుంటే తలుపులు వేసేసేవాళ్లు. ముందురోజు వరకూ అదే ఇంట్లో నాకు మజ్జిగ ఇచ్చేవాళ్లు.

కోరంటి_గల్లీ

హైదరాబాద్ నల్లకుంటలో పుట్టి పెరిగాను. ఫీవర్ ఆసుపత్రిని మా తాతల కాలం నుంచి అందరూ 'కోరంటి దవాఖాన' అనే అంటారు. చిన్నప్పుడు అది ఏదో మనిషి పేరనుకున్నాను. క్వారంటైన్ అన్న మాటే మన నోళ్లలో పడి కోరంటి అయింది. గత్తర, మశూచి, ప్లేగు వచ్చినప్పుడు మనుషుల్ని విడిగా పెట్టిన చోటు. 2020లో ఈ మాట కొత్తగా విన్నట్టు అందరూ అంటుంటే మా అమ్మ, 'మనకి ఇంటి వెనకాలే ఉంది కదరా' అంది.

రవి గారు చెప్పిన దాపరికానికి పాత చరిత్ర ఉంది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. అనుమానం వచ్చినవాళ్లని ఆర్థర్ రోడ్ ఆసుపత్రికి తరలిస్తుంటే, అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రారన్న భయంతో ఆ అక్టోబరులో మిల్లు కార్మికులు ఆసుపత్రి మీద దాడి చేశారు. 1897 ఫిబ్రవరిలో ఎపిడెమిక్ డిసీజెస్ చట్టం తెచ్చారు. ఆ తర్వాత పూనాలో ర్యాండ్ అనే అధికారి సైనికుల్ని ఇళ్లలోకి పంపాడు. ఆడవాళ్లని కూడా వీధిలోకి తెచ్చి చూసేవాళ్లు, సామాన్లు కాల్చేవాళ్లు, మనుషుల్ని క్యాంపులకి తోలేవాళ్లు. జనం రోగుల్ని అటకల మీద దాచారు, శవాల్ని ఇంట్లోనే పాతిపెట్టినవాళ్లున్నారు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండ్‌ని కాల్చారు. ఆ తర్వాతి ఏళ్లలో ప్రభుత్వమే బలవంతాన్ని చాలావరకు తగ్గించుకుంది.

2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాలూ నిబంధనలు తెచ్చింది ఆ 1897 చట్టం కిందే. నాలుగు సెక్షన్ల చట్టం. ప్రభుత్వానికి ఏం అధికారాలున్నాయో అందులో ఉంది. లోపల పెట్టిన మనిషికి ఏం ఇవ్వాలో ఒక్క మాట లేదు. 2020లో దాన్ని సవరించారు, వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే శిక్ష పెట్టారు. అది అవసరమే, సంతోషం. లోపలి మనిషికి మాత్రం అప్పుడూ ఏమీ చేర్చలేదు.

పీఎస్ఎం_డాక్టర్

నేను కమ్యూనిటీ మెడిసిన్ చదివాను, ఒక జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌లో కొంతకాలం పనిచేశాను. సిక్కోలు గారి కాగితానికి పనికొచ్చేవి కొన్ని చెప్తాను.

మనం రెండు పనుల్ని ఒకటే అనుకుంటున్నాం. జబ్బు ఉందని తేలినవాళ్లని విడిగా పెట్టడం ఐసొలేషన్. జబ్బు సోకి ఉండొచ్చు అన్న అనుమానంతో, ఇంకా ఆరోగ్యంగా ఉన్నవాళ్లని కొన్నాళ్లు ఆపడం క్వారంటైన్. మొదటివాళ్లందరినీ ఒకేచోట పెట్టినా పెద్ద ప్రమాదం లేదు. వూహాన్‌లో 2020 ఫిబ్రవరి, మార్చిలో స్టేడియాలు, ఎగ్జిబిషన్ హాళ్లలో 16 తాత్కాలిక ఆసుపత్రులు పెట్టి సుమారు 12,000 మంది తేలికపాటి రోగుల్ని అలాగే ఉంచారు. అందరూ పాజిటివ్ కాబట్టి సరిపోయింది. క్వారంటైన్‌లో హాలు పనికిరాదు. అక్కడ సోకినవాడు, సోకనివాడు పక్కపక్కన పడుకుంటారు. రవి గారు చెప్పిన ఓడలో జరిగింది అదే. ఓడ ఉదాహరణ సరైనదే, కానీ దాన్నిబట్టి కేంద్రాలే వద్దనలేం. గుంపుగా ఉంచొద్దు అనగలం.

14 రోజులు ఎందుకు? జబ్బు సోకాక లక్షణాలు బయటపడటానికి పట్టే ఎక్కువ కాలం అది. జబ్బును బట్టి మారుతుంది. ఎబోలాకి 21 రోజులు, నిపాకి కూడా కేరళలో 21 రోజులే పెట్టారు. ఈ సంగతి లోపలివాళ్లకి చెప్పరు. చెప్తే సగం టెన్షన్ పోతుంది.

ఇంకొకటి, అన్ని జబ్బులకీ క్వారంటైన్ పనికిరాదు. కలరాకి మంచినీళ్లు, ఓఆర్ఎస్, మరుగుదొడ్లు కావాలి, మనుషుల్ని ఆపి లాభం లేదు. డెంగీ, మలేరియా దోమలవి. 2003లో సార్స్‌ని ఐసొలేషన్, క్వారంటైన్‌తో పూర్తిగా ఆపగలిగారు, ఎందుకంటే ఆ రోగి బాగా జబ్బుపడ్డాకే ఎక్కువగా అంటించేవాడు. కోవిడ్ లక్షణాలు కనబడకముందే అంటుకుంటుంది. అందుకే ఇక్కడ అంత కష్టపడ్డాం. వచ్చే జబ్బు ఏ రకమో ముందు చూసి, ఆ తర్వాతే గేటు వేయాలి.

మియాపూర్_రవి

డాక్టర్ గారూ, ధన్యవాదాలు. ఆ తేడా నాకు ఇంత స్పష్టంగా తెలియదు. కానీ ఇంట్లో ఉంచితే ఈ గుంపు సమస్యే ఉండదు కదా?

పీఎస్ఎం_డాక్టర్

ఇల్లుంటే ఉండదు. విడి గది, ఆ గదికి కిటికీ, వీలైతే దానికే బాత్రూమ్, అన్నం అందించే ఒక మనిషి. ఇవి ఉన్నవాళ్లకి ఇల్లే మంచిది, నా సలహా కూడా అదే. లేనివాళ్ల సంగతి చూడాలి. 2021 మేలో నల్గొండ జిల్లాలో మారుమూల గ్రామంలో 18 ఏళ్ల విద్యార్థికి పాజిటివ్ వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్క గది, ఒక్కటే బాత్రూమ్. తల్లిదండ్రులకి, చెల్లికి అంటకూడదని ఇంటి ముందు చెట్టు మీద వెదురు కర్రలతో మంచె కట్టుకుని 11 రోజులు దాని మీదే ఉన్నాడు. అన్నం తాడుతో పైకి లాక్కున్నాడు. పేపర్లలో, టీవీల్లో వచ్చింది. ఆ పిల్లవాడి బాధ్యత చూసి మెచ్చుకున్నాం. దగ్గర్లో ఒక హాస్టల్ తెరిచి ఉంటే అతను చెట్టెక్కాల్సిన పని లేదు.

కడప_కువైట్

నేను లోపల ఉన్నదాన్ని, అందుకని రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి, ఫోన్లో టైప్ చేస్తున్నాను.

కువైట్‌లో ఇళ్లల్లో పని చేసేదాన్ని. 2020 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది, కాగితాలు లేనివాళ్లు ఫైన్ లేకుండా వెళ్లిపోవచ్చు అని. విమానం వచ్చేదాకా క్యాంపులో ఉన్నాం. గన్నవరంలో దిగినాక బస్సులో మా జిల్లాకి తెచ్చి ఒక కాలేజీ హాస్టల్లో పెట్టారు. మాలో డబ్బులున్నవాళ్లు హోటల్ తీసుకోవచ్చు అన్నారు. నా దగ్గర రెండు దినార్లు ఉండినాయి.

అన్నం మంచిగానే పెట్టినారు, అబద్ధం చెప్పను. కానీ బాత్రూమ్ తలుపుకి గొళ్లెం లేదు. కాపలా ఉన్నవాళ్లంతా మగవాళ్లు. రాత్రిపూట వెళ్లాలంటే ముగ్గురు నలుగురం కలిసి వెళ్లేవాళ్లం. ఒకరు తలుపు పట్టుకోవాలి. నెలసరి వచ్చిన పిల్ల ఒకతి మూడు రోజులు చీర ముక్కలతో సర్దుకుంది, ప్యాడ్లు కావాలని ఎవరిని అడగాలో తెలీక.

ఇంకొకటి. ఎప్పుడు పంపుతారు అని అడిగితే రోజుకొకరు ఒకటి చెప్పేవాళ్లు. ఏడు రోజులు, పద్నాలుగు, రిపోర్టు వచ్చినాక, పైనుంచి ఆర్డర్ వచ్చినాక. ఆరో రోజు ఒక నర్సమ్మ వచ్చి, చార్టు మీద మా గది నంబరు, వచ్చిన తేదీ, శాంపిల్ తీసే తేదీ, పోయే తేదీ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించింది. ఆ రోజు రాత్రి నేను నిద్రపోయినాను. క్యాంపు నుంచి లెక్కేస్తే నెలన్నర తర్వాత మంచి నిద్ర అది.

నర్సమ్మ_పల్నాడు

అమ్మా, తప్పులేమీ లేవు. సిక్కోలు తమ్ముడూ, ఇవి అన్నీ రాసుకో. గొళ్లెం, ప్యాడ్లు, రాత్రి డ్యూటీలో ఒక ఆడమనిషి, గోడ మీద చార్టు. పది వేల రూపాయల పని కూడా కాదు.

డార్విన్_తెలుగు

ఆస్ట్రేలియాలో ఉంటాను. 2021 మే 3 నుంచి 15 వరకు ఇండియా నుంచి వచ్చే సొంత పౌరుల్ని కూడా ఆస్ట్రేలియా రానివ్వలేదు. వస్తే ఐదేళ్ల దాకా జైలు అన్నారు. అమ్మ ఆరోగ్యం బాగోలేదని గుంటూరు వచ్చి ఇరుక్కుపోయాను. ఆ నిషేధం అయ్యాక పెట్టిన విమానంలో డార్విన్ వచ్చి, హోవర్డ్ స్ప్రింగ్స్ అనే చోట 14 రోజులున్నాను. మనిషికి 2,500 డాలర్లు కట్టించుకున్నారు. అది తక్కువేమీ కాదు.

కానీ ఆ స్థలం గురించి చెప్పాలి. అది హోటల్ కాదు, గ్యాస్ ప్లాంటు కట్టేటప్పుడు కూలీల కోసం వేసిన క్వార్టర్లు. వరసగా రేకుల గదులు, ప్రతి గదికీ బాత్రూమ్, ముందు చిన్న వరండా. తలుపు తీస్తే బయటి గాలి. వరండాలో కూర్చుని అవతలి వరండాలో ఉన్నవాళ్లతో దూరం నుంచే మాట్లాడుకునేవాళ్లం. నా ఎదురు వరండాలో ఒక పంజాబీ పెద్దాయన ఉండేవారు. రోజూ సాయంత్రం ఆయన పాడేవారు, మేం వినేవాళ్లం. అదే సమయంలో మెల్‌బోర్న్ లాంటి నగరాల్లో నక్షత్రాల హోటళ్లలో పెట్టినవాళ్ల నుంచి జబ్బు కారిడార్లలోకి, అక్కడి నుంచి సిబ్బందికి, వాళ్ల నుంచి ఊళ్లోకి వెళ్లింది. 2020లో మెల్‌బోర్న్‌లో వచ్చిన రెండో వేవ్ అలా హోటళ్ల నుంచి మొదలైందే.

పీఎస్ఎం_డాక్టర్

ఇది చాలా ముఖ్యమైన మాట, దీని మీద కొంచెం ఆగాలి.

మూసిన కిటికీలు, ఏసీ, మధ్యలో ఇరుకు కారిడార్. గాలితో వచ్చే జబ్బుకి ఇంతకన్నా అనువైన చోటు లేదు. ఒక గదిలో తలుపు తీస్తే ఆ గాలి కారిడార్‌లోకి వస్తుంది, ఎదురు గది తలుపు తీసినప్పుడు అందులోకి పోతుంది. మన పాత ప్రభుత్వ బడులు ఎలా ఉంటాయి? గది ముందు వరండా, రెండు వైపులా కిటికీలు, ఎత్తయిన కప్పు. గాలి ఇటు నుంచి అటు పోతుంది. క్షయ రోగుల కోసం పాత శానిటోరియంలు ఇలాగే కట్టారు. ఫారంలో 'ఏసీ ఉందా' అన్న గడి ఉంటే, సిక్కోలు గారూ, దాని పక్కన 'రెండు వైపులా కిటికీలు తెరుచుకుంటాయా' అని రాయండి. ఖరీదైన భవనం మంచి క్వారంటైన్ అని మన అధికారులు చాలామంది అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

బెజవాడ_కృష్ణ

హోటళ్ల మాట వచ్చింది కాబట్టి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేర్ సెంటర్‌గా వాడుతున్న హోటల్‌లో తెల్లవారుజామున మంటలు వచ్చాయి. 10 మంది చనిపోయారు. అదే ఏడాది మార్చి 7న చైనాలో చ్వాన్‌జౌ నగరంలో క్వారంటైన్‌కి వాడిన హోటల్ కూలి 29 మంది పోయారు. జబ్బు నుంచి కాపాడటానికి లోపల పెట్టినవాళ్లు వీళ్లు.

అన్నా, తాళాల సంగతి రాయండి. రెండో దారి ఉందా? దాని తాళం ఎవరి దగ్గర ఉంది? రాత్రి ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడు? మంటలు ఆర్పే సిలిండర్ తేదీ చూశారా? పారిపోతారని గేట్లు అన్నీ బిగిస్తే, ప్రమాదం వచ్చినప్పుడు వాళ్లు ఎటు పోవాలి? మా వీధి నుంచి ఆ పొగ కనబడింది. ఇప్పటికీ ఆ రోడ్డులో వెళ్లాలంటే మనసు ఒప్పదు.

కోరంటి_గల్లీ

గేట్లు బిగించడం గురించి ఇంకో మాట. 2014 ఆగస్టులో లైబీరియా రాజధాని మన్రోవియాలో ఎబోలా వచ్చిందని వెస్ట్ పాయింట్ అనే పేదల బస్తీని మొత్తం ముళ్ల కంచెతో మూసేశారు. లోపల వేల మంది. తిండి ధరలు పెరిగాయి, గొడవలయ్యాయి, సైనికుల కాల్పుల్లో ఒక పిల్లవాడు చనిపోయాడు. పది రోజులకి కంచె తీసేయాల్సి వచ్చింది.

దానికి ఎదురుగా పెట్టి చూడాల్సింది 2018లో కేరళ. కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో నిపా వచ్చి 17 మంది పోయారు. రోగులతో మెలిగిన రెండు వేలకు పైగా మందిని ఇళ్లలోనే ఉంచి రోజూ ఫోన్ చేసి కనుక్కున్నారు, సరుకులు ఇంటికి చేర్చారు. ముళ్ల కంచెలు వేయలేదు. జబ్బు ఆగింది.

నర్సమ్మ_పల్నాడు

మనకి ఇది కొత్త కాదు నాయనా. మా అమ్మమ్మ కాలంలో ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. అది చూసి ఎవరూ లోపలికి వచ్చేవాళ్లు కాదు. లోపలి మనిషిని వేపాకుల మీద పడుకోబెట్టి, చలవ చేసేవి పెట్టి, పాట పాడి, అమ్మ వచ్చింది అని మర్యాదగా చూసేవాళ్లు. తగ్గాక తలంటు. ఆ ఇంటిని ఎవరూ అసహ్యించుకోలేదు. మేము 2020లో ఇళ్లకి అంటించిన ఎర్ర స్టిక్కర్ కూడా అదే పని చేయాలి కదా? చేయలేదు. వేపమండ ఆ ఇంటివాళ్లు కట్టుకున్నది, స్టిక్కర్ మేము అంటించింది.

కడప_కువైట్

అక్కా, మా ఊళ్లో మాత్రం ఎడంగా ఉండు అనే మాట వేరే లెక్కలో కూడా వాడినారు. మా పేటవాళ్లని ఎప్పుడూ ఎడంగానే ఉంచినారు, జబ్బు లేకపోయినా. హాస్టల్ నుంచి వచ్చినాక బోరింగు దగ్గర బిందె పెట్టనీయలేదు, రిపోర్టు చూపించినా కూడా. నెల రోజులు. జబ్బు పేరు చెప్పి పాతది చేసినారు.

నర్సమ్మ_పల్నాడు

నిజం చెల్లీ. నేను మర్చిపోయి రాశాను. వేపమండ గౌరవం అందరి ఇళ్లకీ లేదు.

కోరంటి_గల్లీ

సిక్కోలు గారూ, దీన్ని కూడా రాయండి దయచేసి. బయటికి వచ్చే రోజు సర్పంచ్ గానీ, ఊళ్లో మాట చెల్లేవాళ్లు గానీ వెంట వెళ్లి ఇంట్లో దింపాలి. చేతిలో కాగితం పెట్టి బస్సెక్కిస్తే సరిపోదు.

మియాపూర్_రవి

నిన్నటి నుంచి అందరి పోస్టులూ చదువుతున్నాను. కేంద్రాలు వద్దు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ చెట్టు మీది పిల్లవాడి కోసం. కానీ నా షరతు ఒకటి. ఎవరినైనా తీసుకెళ్లేటప్పుడు సైరన్ వద్దు, పదిమంది వద్దు, ఎవరూ ఫోటో తీయకూడదు. మామూలు బండిలో, మామూలు బట్టల్లో ఉన్న మనిషి వచ్చి, 'రండి సార్, బట్టలు సర్దుకోండి' అని పిలవాలి. మాస్క్ చాలు. మా నాన్నగారిని అలా పిలిచి ఉంటే వెళ్లేవారు. ఆయన మర్యాద ఇస్తే ఎక్కడికైనా వెళ్లే మనిషి.

పీఎస్ఎం_డాక్టర్

రవి గారూ, రోగిని తాకేవాళ్లకి పూర్తి కిట్ అవసరం కావచ్చు, జబ్బును బట్టి. కానీ వీధి చివర వేసుకోవచ్చు, ఇంటి లోపల వేసుకోవచ్చు. సైరన్ అవసరం ఏ పుస్తకంలోనూ లేదు. మీ షరతు న్యాయమైనది.

ఇంకొకటి మిగిలింది, కూలి. 14 రోజులు పనికి పోకపోతే ఇంట్లో ఏం తింటారు? 2020లో ఏపీ ప్రభుత్వం కేంద్రాల నుంచి వెళ్లే పేదలకి 2,000 రూపాయలు ఇచ్చింది. ఇంగ్లాండ్‌లో ఆ సెప్టెంబరు నుంచి తక్కువ జీతాలవాళ్లకి 500 పౌండ్లు ఇచ్చారు. మొత్తం ఎంత అన్నది వేరే చర్చ. లోపలికి వచ్చిన రోజే ఇంటికి చేరాలన్నది నా మాట. బయటికి పోయేటప్పుడు ఇస్తే, ఆ 14 రోజులూ అతని ధ్యాస ఇంటి మీదే ఉంటుంది.

తండేలు_కొడుకు

నమస్తే. ఈ పేజీ లింక్ మా స్నేహితుడు పంపాడు. మా నాన్న వేరావల్‌లో బోటు తండేలు, అంటే బోటుకి పెద్ద. 2020లో ఆయనా, నేనూ, మా బోటులో పనిచేసే కళాసీలు ఆరుగురూ ఇలాంటి కేంద్రంలోనే ఉన్నాం. సిక్కోలు అన్న చెప్పినది కాదు, వేరేది.

మా దగ్గర ఎవరూ గోడ దూకలేదు. ఎందుకో చెప్తాను. మొదటి రోజు అక్కడి సారు వచ్చి, మీలో తండేళ్లు ఎవరు అని అడిగారు. ఐదుగురు లేచారు. బోటు మీద మీ మనుషుల్ని ఎలా చూసుకుంటారో ఇక్కడా అలాగే చూసుకోండి, ఎవరికి ఏం కావాలన్నా మీరే నాకు చెప్పండి అన్నారు. బోటువారీగా గదులిచ్చారు. ఆరు నెలలు ఒకే బోటు మీద కలిసి తిన్నవాళ్లం, ఒకరికి ఉంటే అందరికీ ఉన్నట్టే, కొత్తగా అంటేది ఏముంది? వేరే బోటువాళ్లతో కలవకుండా చూసుకోవడం తండేలు పని. నాన్న తలుపు దగ్గర మంచం వేసుకుని పడుకునేవాడు.

మా కళాసీ ఒకతనికి ఇంట్లో తల్లికి బాగోలేదు. వీడియో కాల్‌లో రోజూ చూపించమని సారుని నాన్న అడిగాడు. ఆ ఊరి వాలంటీర్ ఫోన్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లేది. అతను ఏడ్చేవాడు కానీ, వెళ్లిపోతాను అనలేదు.

పీఎస్ఎం_డాక్టర్

తమ్ముడూ, బోటువారీగా గదులు ఇవ్వడం అంటే మేము పుస్తకాల్లో చదివేదాన్ని మీ సారు చదవకుండానే చేశారు. నేను ఇచ్చే శిక్షణల్లో ఇది చెప్పొచ్చా? ఊరి పేరు లేకుండా.

తండేలు_కొడుకు

చెప్పండి సార్. నాన్న సంతోషిస్తాడు.

సిక్కోలు_తీరం

తండేలు తమ్ముడి పోస్టు రెండుసార్లు చదివాను. నా దగ్గర ఉన్న 79 మందిలో తండేళ్లు ఎందరో నేను అడగలేదు. రిజిస్టర్‌లో పేరు, ఆధార్, ఫోన్ నంబర్ రాసుకున్నాను, ఏ బోటు అని రాయలేదు. అడిగి ఉంటే రెండో బస్సు వచ్చినప్పుడు పై అంతస్తు తెరిపించమని వాళ్లే నన్ను నిలదీసేవారు. ఫ్యాన్ లేకుండా డెక్ మీద పడుకునేవాళ్లకి పై అంతస్తులో ఫ్యాన్ లేదని ఆలోచించింది నేను.

కాగితం రాయడం మొదలుపెట్టాను. మా మండలంలో ఫారం ప్రకారం ఏడు భవనాలు పనికొస్తాయి. రెండు దారులు, రెండు వైపులా కిటికీలు, జట్టుకో బాత్రూమ్ వరస అని చూసుకుంటూ వెళ్తే మూడే మిగిలాయి. అందులో ఒకటి ఆ గురుకులమే. పై అంతస్తుకి ఫ్యాన్లు, ఆడవాళ్ల వైపు గొళ్లేలు, రెండో గేటుకి రెండు తాళంచెవులు అడుగుతున్నాను. తేదీల చార్టు నమూనా నేనే గీశాను. రిజిస్టర్‌లో 'ఎవరితో కలిసి వచ్చారు', 'ఇంట్లో ఎవరిని చూసుకోవాలి' అని రెండు గడులు చేర్చాను.

కడప చెల్లీ, ఊళ్లో దింపే విషయం ఎలా రాయాలో తెలియలేదు, సర్పంచ్ బాధ్యత అని రాశాను. ఇంకా మంచి మాట ఏమైనా ఉంటే చెప్పు.

కడప_కువైట్

అన్నా, సర్పంచ్ ఒక్కడే వద్దు. సర్పంచ్ వచ్చి ఫోటో దిగి పోతాడు. మీ ఊరి ఏఎన్ఎం కూడా రావాలని రాయండి. వచ్చి ఆ ఇంట్లో మంచినీళ్లు అడిగి తాగాలి, వీధిలో అందరూ చూస్తుండగా. అది రాయొచ్చా?

సిక్కోలు_తీరం

అలాగే రాస్తాను చెల్లీ. సోమవారం ఎంపీడీఓ గారికి ఇస్తున్నాను. ఏమన్నారో ఇక్కడే చెప్తాను.

ఆ గోడ దూకినాయన ఇల్లు మా ఆఫీసుకి రెండు కిలోమీటర్లు. పాపకి ఇప్పుడు బడికి వెళ్లే వయసు. ఇన్నాళ్లూ ఆ వీధిలోకి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. కాగితం ఇచ్చే ముందు ఆదివారం వెళ్లి ఆయనకి చదివి వినిపిస్తాను, ఏం మర్చిపోయానో ఆయన్నే అడుగుతాను.